పుష్పకం మీది, పిస్టను మాది

పోయిన చలికాలం మా బడి పిల్లల్ని పర్ణశాల తీసుకపోయినం. భద్రాచలం నుంచి ముప్ఫై కిలోమీటర్ల పైచిలుకు. సీతమ్మ చీర ఆరేసిన రాయి, పసుపుకుంకుమల రాళ్లు చూపెట్టినంక, అక్కడ కథ చెప్పేటాయన ఏటికి అవతలి గుట్టల దిక్కు చెయ్యి చాపి, రావణుడి విమానం దిగింది అక్కడే అన్నడు. ఎనిమిదో తరగతి కోయపిల్ల ఒకతి నా చొక్కా గుంజి అడిగింది.

"సార్, దాంట్ల ఇంజను ఏదుండె? మీ ఇంజన్ల లెక్కనే ఆముదం పోసేటోళ్లా?"

తోటి సార్లు పగలబడి నవ్విన్రు. నేను నవ్వలేదు. ఆ కథ చెప్పుకుంటూ ఇన్ని వందల ఏండ్లు గడిపిన ఈ దేశపు పెద్దకులాల పండితుల్లో ఒక్కడు కూడా అడగని ప్రశ్న అది.

ఆ పిల్ల ఆముదం మాట ఎందుకెత్తిందో చెప్పాలె. మా ఇంటెనక బర్రెల కొట్టం ఉండేది. బర్రెల్ని అమ్మినంక ఖాళీగా పడింది. నాకు టీచరు ఉద్యోగమొచ్చిన మూడో ఏడు, పాల్వంచలో మూతపడ్డ ఒక వర్క్‌షాపు నుంచి పాత లేత్ మిషన్ కొని ఆ కొట్టంలో దింపిన. ఐదు నెలల జీతం పోయింది. దాని కంటె ముందే హైదరాబాదు ఎర్రగడ్డ ఆదివారం అంగట్లో మూడొందలకు ఒక బొమ్మ విమానం ఇంజను కొన్న. గుప్పిట్ల పడుతది. ముక్కాలు సి.సి. ఇంగ్లండులో మిల్స్ అనేటోళ్లు రెండో ప్రపంచ యుద్ధం అయిపోయినంక తెచ్చిన డీజిల్ నమూనా. కలకత్తాలో కూడా ఆ రకం చేసిన్రు. నా చేతికొచ్చేసరికి అది కదలదు, మెదలదు. లోపలి ఆముదం ఏండ్లకేండ్లు ఎండి బంక లెక్క పిస్టనును పట్టేసింది. కిరసనాయిల్ల మూడు రోజులు నానబెట్టి, తుడిచి ఆరబెట్టి, వేడి ఇసుకలో వెచ్చజేసి, చెక్కసుత్తితో తట్టంగ తట్టంగ ఊడింది.

ఈ ఇంజనుకు స్పార్కు ప్లగ్గు లేదు, బ్యాటరీ లేదు. ఈథరు, కిరసనాయిలు, ఆముదం ఇంచుమించు మూడూ సమానంగా కలిపి పోస్తం. పిస్టను పైకొచ్చి నొక్కితే పుట్టిన వేడికే ఈథరు అంటుకుంటది. ఎంత నొక్కాలో తేల్చటానికి సిలిండరు పై భాగంలో ఇంకో బుడ్డ పిస్టను, దాని నెత్తిన ఒక మర. ఆముదం పని మంట కాదు, ఇనుము ఇనుమును కొరకకుండ చూసుడు. ఇక ప్రాణమంతా పిస్టనులోనే. రింగులుండవు. పోత ఇనుము పిస్టను, ఉక్కు సిలిండరు. రెంటికీ నడుమ సందు వెంట్రుక మందంలో ఏ ఇరవయ్యో వంతో. లేత్ ఒక్కటే ఆ పని చెయ్యలేదు. ఆఖర్న మెత్తటి లోహపు కడ్డీకి గ్రైండింగ్ పేస్టు రాసి, తిప్పుకుంటు, తుడుచుకుంటు, చూసుకుంటు రుద్దాలె. పైకి పోయినకొద్దీ అణువంత బిగువు రావాలె. మైక్రోమీటరు కొంత చెప్తది. మిగిలింది బొటనవేలు చెప్తది. తొమ్మిది పిస్టన్లు చెడగొట్టి పదోది కుదిరిచ్చిన. పద్నాలుగు నెలలు పట్టింది. పంకా తగిలించి వేలితో కొడితే అంత చిన్న ముండ నిమిషానికి వేల తిప్పులు తిరిగి వాడంతా అరిచింది. దాన్ని బడికి తీసుకపోయి నడిపి చూపిస్త. అందుకే పిల్లలకు తెలుసు.

ఆ బొటనవేలు సంగతి నాకు బీఎస్సీ నేర్పలేదు, బీఈడీ నేర్పలేదు. మా అయ్య మాదిగ. ఊరి మోటలకు తోలుసంచులు కుట్టిండు, కమ్మరి కొలిమికి తిత్తి కుట్టిండు. మోటలు పోయి బోరింగులొచ్చినంక వాటికి వాషర్లు చేసిండు. బోరింగు గొట్టంలో పిస్టనుకు తోలు గిన్నె వాషరు ఉండేది, ఇప్పుడైతే రబ్బరు. పైనుంచి వాషర్లు రావటం ఆలస్యమైతే మా అయ్యకు కబురొచ్చేది. బర్రెతోలు నానబెట్టి, చెక్క అచ్చులో కూర్చోబెట్టి గిన్నెలెక్క వంచి, ఆరినంక నూనె పట్టించేటోడు. బొటనవేలితో అంచు చుట్టూ తడిమి "ఈడ పల్సనయింది" అని మళ్ల మొదలుపెట్టేటోడు.

వాషరు వేసి, నాలుగు కొట్లు కొట్టి, నీళ్లు పడినంక మా అయ్య దూరం జరగాలె. ఊరోళ్లు బోరింగు పిడిని నీళ్లు పోసి కడిగి పట్టుకునేటోళ్లు. నేను చూసిన. ఏడెనిమిదేండ్లోణ్ణి. పిడిని కడిగిన్రు, సరే. లోపలున్న తోలునేం జేసిన్రయ్యా? మా అయ్య పండబెట్టిన తోలు, మా అయ్య వేలు పెట్టి నునుపు చేసిన తోలు, దాన్ని రాసుకుంటనే కదా మీ బిందెలోకి ప్రతి చుక్కా ఎక్కింది? మీ మడి నీళ్లన్నీ మా తోలు మీదనే నడిచినయ్.

ఇంజను చరిత్ర చదివిన్నాడు నాకు ఏడుపూ నవ్వూ ఒక్కసారే వచ్చినయ్. 1712లో ఇంగ్లండులో న్యూకొమెన్ అనే ఇనుపసామాన్ల వ్యాపారి గనుల్లో నీళ్లు తోడటానికి ఆవిరి యంత్రం నిలబెట్టిండు. అంత పెద్ద సిలిండరును సాపుగా కోసే మిషన్లు అప్పటికి లేవు. పిస్టను చుట్టూ గాలిపోకుండ ఆయన పెట్టింది తోలు, దాని మీద కాసిన్ని నీళ్లు. మా అయ్య పనే. ఆడ దాన్నుంచి కొత్త కాలం పుట్టింది. ఈడ మా అయ్య ఊరవతల పడున్నడు. తోలు పట్టుకున్న చేతికి ఇనుము దక్కలేదు, ఇనుము పట్టినోడికి అక్షరం దక్కలేదు, అక్షరమున్నోడు ఏ పనీ ముట్టలేదు. ఒక చేతి తెలివి ఇంకో చేతికి అందకుండ గోడలు కట్టిన దేశంలో ఇంజను ఎట్ల పుడుతది?

1903లో రైట్ అన్నదమ్ములు ఎగిరిన్రంటే ఎగిరినోళ్ల పేర్లే పిల్లలకు బట్టీ పట్టిస్తం. వాళ్లు సైకిళ్లు బాగుచేసుకునేటోళ్లు, పెద్ద చదువులు లేవు. తేలికపాటి ఇంజను కావాలని కంపెనీలకు ఉత్తరాలు రాస్తే తగినది దొరకలేదు. వాళ్ల షాపులో పనిచేసే చార్లీ టేలర్ అనే మెకానిక్కు ఒక లేతు, ఒక డ్రిల్లు మిషను పెట్టుకొని ఆరు వారాల్లో చేసి పెట్టిండు. పన్నెండు గుర్రాల బలం. ఆ పేరు మన పాఠంలో లేదు. పనోడి పేరు మరిచిపోవుడు అక్కడా ఉంది, కాదనను. కాని టేలర్ తాకిన ఇంజనును ఎవడూ కడిగి ఎక్కలేదు.

ఇక మన ఘనులు. 2015లో ముంబయిలో సైన్స్ కాంగ్రెసు పెట్టుకొని ప్రాచీన భారతంలో విమానాలుండేవని పత్రం చదివిన్రు. 2019లో జలంధర్ సైన్స్ కాంగ్రెసులో మన ఆంధ్ర విశ్వవిద్యాలయం ఉపకులపతే లేచి, రావణుడికి 24 రకాల విమానాలున్నయనీ, లంకలో విమానాశ్రయాలున్నయనీ చెప్పిండు. వీళ్లు చూపెట్టే వైమానిక శాస్త్రం సంగతి 1974లోనే బెంగుళూరు ఐ.ఐ.ఎస్‌సి. ఇంజనీర్లు తేల్చేసిన్రు. అది ఇరవయ్యో శతాబ్దంలో రాసుకున్నది, అందులో చెప్పిన విమానాలు ఎగరవు. ఇరవైనాలుగు రకాల విమానాలకు పిస్టన్లు ఎవడు రుద్దిండు సారూ? ఏ వాడలో ఉన్నడు వాడు? బోల్టు బిగించినోడి కులమేంది? వాడి చెయ్యి తగిలిన విమానాన్ని మీ రాజులు కడగకుండనే ఎక్కిన్రా? కోయపిల్ల అడిగింది ఇదే. మీకు విమానం కావాలె, మసి వద్దు.

మా వాళ్లతో కూడ ఒక పేచీ ఉంది. లేత్ దించిన రోజు మా అయ్య కొట్టం ముందు నిలబడి అన్నడు, "నిన్ను చదివిచ్చింది మళ్ల చేతులకు నలుపు పూసుకోనీకా?" ఆ మాటకు నా దగ్గర జవాబు లేకుండె. ఆయన బాధ నిజం. చేతిపనిని మెచ్చుకునే పెద్దమనుషులు మా చుట్టూ ఎప్పుడూ ఉన్నరు. 1953లో మద్రాసు రాష్ట్రంలో రాజాజీ ఒంటిపూట బడి, తక్కిన పూట తల్లిదండ్రుల పని అని పెడితే, జనం తిరగబడ్డరు, 1954లో రద్దయింది. 2023 సెప్టెంబరులో విశ్వకర్మ పేరుతో కేంద్రం పథకం తెచ్చింది. 18 వృత్తులు, పనిముట్లకు 15 వేలు. కుటుంబ వృత్తి చేసుకునేటోళ్లకేనట. చెప్పులు కుట్టుడు అందులో ఉంది. మాదిగోడి కొడుకు ఇంజను చేసుడు లేదు. అయ్య పని కొడుకు చేస్తనంటే ఆరె ఇస్తరు, అయ్య చెయ్యనిది చేస్తనంటే తోవలేదు. కులం పంచింది పనిని మాత్రమే కాదు, పనిచేసే మనుషుల్ని కూడ అని అంబేద్కరు 1936లోనే తేల్చి చెప్పిండు. అందుకే అయ్యతో అంటున్న, నేను మన కులపని చేస్తలేను. ఎవడూ నా నెత్తిన పెట్టని పని, నేను ఎంచుకున్న పని చేస్తున్న. నలుపు ఒక్కటే కావచ్చు, తేడా ఆడుంది.

ఎంచుకోవటానికి కూడ తలుపులున్నయ్. టర్నరు పని నేర్చుకోనీకి సెలవుల్లో ఒక షాపుకు పోయేది. పని బాగ చెప్పిండు ఆ మేస్త్రి, ఆ రుణం ఉంది. దసరా నాడు మిషన్లకు బొట్లు పెట్టేటప్పుడు మాత్రం "పంతులూ, నువ్వు జర బయటుండు" అన్నడు. ముందు రోజు సాయంత్రం దాకా ఆ లేత్‌కు నూనె పెట్టింది నేనే. మా బడిలో మాత్రం ఏముంది? పని అనుభవం పీరియడు టైంటేబుల్లో ఉంటది, లెక్కల సారుకు పోతది. ల్యాబు సామాను బీరువాలో, బీరువా తాళం ఆఫీసులో. పిల్లలు విరగ్గొడుతరట. విరగ్గొట్టనీయండి. నేను తొమ్మిది పిస్టన్లు చెడగొట్టిన.

అయ్య రెండేండ్లు కొట్టంలో అడుగుపెట్టలేదు. మొన్న సంక్రాంతి సెలవుల్లో రెండో ఇంజనుకు పిస్టను కుదురుస్తున్న. ఈసారి మొత్తం నేనే, పాతది బాగుచేసుడు కాదు. వెనక ఎవరో నిలబడ్డట్టయి చూస్తే ఆయన. ఏమీ అనకుండ సిలిండరు చేతిలోకి తీసుకొని, పై కన్నం బొటనవేలితో మూసి, కింది నుంచి పిస్టనును నొక్కి వదిలిండు. అది సగం దూరం వెనక్కొచ్చి ఆగింది. మళ్ల నొక్కిండు. చెవి దగ్గర పెట్టుకున్నడు.

"గాలి పోతాంది" అన్నడు. "ఈ పక్కన."

నేను కొలిచి చూసిన. ఆ పక్కనే.