పోగు తెగితే ఆగే మగ్గం

పోయిన వారం క్యాంటీన్‌లో ఒక ఫోను గురించి వాదన వచ్చింది. "చైనాది ఎన్నాళ్ళు పనిచేస్తది? మనోళ్ళది ఇంకా అధ్వాన్నం. నాణ్యత కావాలంటే అమెరికా, జర్మనీలదే కొనాలె" అని ఒక మిత్రురాలు తేల్చేసింది. నేనప్పుడు ఏమీ అనలేదు. నాకు గుర్తొచ్చింది టెంఘర్‌లో మా బాపు నడిపే సాంచాలు.

టెంఘర్ మహారాష్ట్రలోని భివండీలో ఉంది. కరీంనగర్, వరంగల్, నల్లగొండ వైపు నుంచి బతుకుదెరువుకు పోయిన పద్మశాలీలు ఎందరో ఆ ఊళ్ళో సాంచాల మీదే బతుకుతున్నారు. మా బాపు ఒక్కడే ఆరు సాంచాలు చూసుకుంటాడు. పడుగులో పోగు తెగినా సాంచా ఆగదు, అట్లనే నేస్తూ పోతుంది. బాపు చూసి ఆపేలోపు గుడ్డ మీద గీత పడుతుంది. ఆ గీతకు కూలిలో కోత. పన్నెండు గంటల షిఫ్టు దిగేసరికి ఆయన కండ్లు ఎర్రగా ఉంటాయి. చిన్నప్పుడు అది దుమ్ముకే అనుకునేదాన్ని.

పోగు తెగితే తనంతట తానే ఆగే మగ్గం ఎప్పుడో వచ్చింది. జపాన్‌లో సకిచి టొయోడా 1924లోనే చేశాడు. ఆయన ఒక వడ్రంగి కొడుకు. అప్పట్లో జపాన్ సరుకంటే లోకానికి చులకన. అయినా 1929లో ఇంగ్లండులో పేరుమోసిన ప్లాట్ బ్రదర్స్ కంపెనీ ఆ మగ్గం హక్కులు కొనుక్కుంది. మరమగ్గం పుట్టిన దేశమే తూర్పు దేశం దగ్గర కొన్నదన్నమాట. ఇప్పుడు చైనా బ్యాటరీలను యూరప్ కార్ల కంపెనీలు కొంటున్నాయి. నాణ్యత ఏ దేశానికీ పుట్టుకతో రాలేదు.

మనవాళ్ళకు తెలివి తక్కువా? ఆలేరు దగ్గర శారాజీపేటకు చెందిన చింతకింది మల్లేశం బడి మధ్యలోనే మానేసినవాడు. ఒక్క చీరకు ఆసు పోయాలంటే చేయి వేల సార్లు ఆడించాలి. తల్లి లక్ష్మి భుజాల నొప్పి చూడలేక ఆయన 1992లో మొదలుపెట్టి, 1999లో ఆసు యంత్రం పూర్తి చేశాడు. 2017లో పద్మశ్రీ వచ్చింది.

మనం "జుగాడ్" అని గొప్పగా చెప్పుకుంటాం. మా బాపు కూడా తీగ చుట్టి, ట్యూబు ముక్క కట్టి సాంచా నడిపిస్తాడు. అది ఆ పూట గడవడానికే. రేపు మళ్ళీ అక్కడే చెడుతుంది. మల్లేశం చేసింది జుగాడ్ కాదు, ఒకే పనిని ఏడేండ్లు పట్టుకున్నాడు. మనకు లేనిది ఆ ఓపికకు పెట్టుబడి. మగ్గాన్ని ఆపే పరికరం కన్నా బాపు కండ్లు చవకైనంత కాలం ఏ షేటూ దాన్ని పెట్టడు. షేటునొక్కడినే తప్పుపట్టను, మీటరుకు ఆయనకు మిగిలేదీ తక్కువే.

కొత్త మగ్గాలొస్తే కూలీలు తగ్గుతారన్న భయం నాకూ ఉంది. ఫోన్లో బాపును అడిగాను. "నేర్పితే నేర్చుకోనా బిడ్డా? ముప్పై ఏండ్లాయె, మగ్గం ఎట్లుంటే బాగుంటదని నన్ను అడిగినోడే లేడు" అన్నాడు.

పడమటి దేశాలతో మనం పోటీపడగలం అనే నా అభిప్రాయం. కానీ మగ్గం నడిపే మనిషిని అడగకుండా మాత్రం పోటీపడలేం. క్యాంటీన్‌లో నేను చెప్పాల్సిన మాట ఇదే. కాదనేవాళ్ళు వచ్చే సంచికలో రాయండి.