ఐ-20 వచ్చిందన్నా!

మొన్న ముదిగుబ్బ బస్టాండు దగ్గర టీ తాగుతుంటే ఒక తమ్ముడు ఫోన్ తెచ్చి ముందర పెట్టినాడు. "అన్నా, అమెరికా నుంచి ఐ-20 వచ్చింది. ఇంగ్లీష్ లాంగ్వేజ్ స్కూలు. ముందు దీంట్లో చేరి, పని చేసుకుంటా ఉంటే తర్వాత మాస్టర్స్‌కి మారొచ్చంట." వాళ్ల నాయన శెనక్కాయ రైతు. చేను కుదువ పెట్టే మాటలు నడుస్తున్నాయి.

"స్కూలు గురించి కనుక్కున్నావా?"

"గవర్నమెంట్ అప్రూవ్డ్ అన్నా. కన్సల్టెన్సీలో చెప్పినారు."

ఇక్కడే మనోళ్లు పడిపోయేది. అమెరికాలో ఐ-20 ఇవ్వాలంటే స్కూలుకు ఎస్‌ఈవీపీ అనుమతి ఉండాలి. చదువు ఎట్లా చెప్తున్నారో చూసేది వేరే, అది అక్రెడిటేషన్. ఇంగ్లీష్ నేర్పే స్కూళ్లకు ఈ రెండోది కూడా తప్పనిసరి చేస్తూ 2010 డిసెంబర్‌లో చట్టం తెచ్చారు. సరిగ్గా మరుసటి నెలలోనే కాలిఫోర్నియాలో ట్రైవ్యాలీ యూనివర్సిటీ మీద దాడి. దానికి అనుమతి ఉంది, అక్రెడిటేషన్ లేదు. రికార్డుల్లో సగం మందికి పైగా విద్యార్థులు ఉండేది సన్నీవేల్‌లో ఒకే అపార్ట్‌మెంట్‌లోనంట! మన తెలుగు పిల్లల్లో కొందరి కాళ్లకు రేడియో ట్యాగులు కట్టారు. యజమానురాలికి 2014లో 16 ఏళ్లకు పైగా జైలుశిక్ష పడింది.

సరే, అక్రెడిటేషన్ చూసుకుంటే చాలా? 2019లో బయటపడ్డ ఫార్మింగ్టన్ యూనివర్సిటీ గుర్తుందా? దాన్ని నడిపిందే అక్కడి ఇమిగ్రేషన్ అధికారులు, వల వేయడానికి. దానికి అక్రెడిటేషన్ ఉన్నట్టు కూడా చూపించారు. లేనివల్లా క్లాసులు, లెక్చరర్లు. అందులోనూ ఇరుక్కున్నది ఎక్కువగా మనవాళ్లే.

అందుకే ఆ తమ్ముడికి చెప్పినా. లాంగ్వేజ్ స్కూలంటే వారానికి కనీసం 18 గంటలు క్లాసులో కూర్చోవాలి. సీపీటీ, ఓపీటీ రెండూ ఆ కోర్సుకు ఉండవు. మరి "పని చేసుకుంటా" అన్న మాట ఎక్కడిది? స్కూలుకు సీఈఏ లాంటి సంస్థ గుర్తింపు ఉందో లేదో ఆ సంస్థ వెబ్‌సైట్‌లోనే చూడు, కన్సల్టెన్సీ పంపిన పీడీఎఫ్‌లో కాదు. క్లాసుల టైమ్‌టేబుల్ అడుగు.

అక్కడే నిలబడి ఫోన్ కొట్టినాడు. స్పీకర్ ఆన్.

"టైమ్‌టేబుల్ దేనికప్పా? వీసా వచ్చినాక పంపిస్తాంలే."

తమ్ముడు ఏమీ మాట్లాడలేదు. పట్టాదారు పాస్‌బుక్కు ఇంకా ఇంట్లోనే ఉందా అని అడిగినా. ఉందన్నాడు.