తాళం తెరుచుకోనప్పుడు

తలుపు తెరుచుకోకపోతే దోషం తాళంచెవిదే కానక్కరలేదు. పురుష హార్మోనుల సంగతీ అంతే. రక్తంలో టెస్టోస్టిరాన్ సమృద్ధిగా ఉన్నా, జీవకణంలోని గ్రాహకం దానిని అందుకోకపోతే ఫలితం శూన్యం.

ఆ గ్రాహకాన్ని నిర్మించే జన్యువు ఎక్స్ క్రోమోజోములో ఉంది. అది పూర్తిగా పనిచేయకపోతే, ఎక్స్‌వై క్రోమోజోములతో పుట్టిన శిశువు సైతం బాహ్యరూపంలో ఆడపిల్లగానే ఎదుగుతుంది.

ఒక్కొక్కప్పుడు పరాయి పదార్థం తాళంలో దూరి అడ్డుపడుతుంది. ప్రోస్టేటు కాన్సరుకు ఇచ్చే బైకాలుటమైడ్ చేసే పని అదే. డి.డి.టి. నుంచి ఏర్పడే డి.డి.ఇ. కూడా ఇలాగే అడ్డుతుందని 1995లో శాస్త్రజ్ఞులు నిరూపించారు. ఫినాస్టెరైడ్ మార్గం వేరు. టెస్టోస్టిరాన్ మరింత శక్తిమంతమైన రూపం దాల్చకుండా అది ఆపుతుంది.

గుండె జబ్బుకూ, కాలేయ వ్యాధిలో పొట్టలో చేరే నీటికీ వాడే స్పైరోనోలాక్టోన్ కూడా ఈ గ్రాహకాన్ని కొంత అడ్డుకుంటుంది. అది సేవించే పురుషునికి రొమ్ము వాచి నొప్పి పెడితే సిగ్గుపడి దాచుకోవడమూ పొరపాటే, తనంతట తాను మందు మానడమూ పొరపాటే. వైద్యుడు పరీక్షించి మోతాదు తగ్గించవచ్చు. ఆ దోషం తక్కువగా ఉన్న ఎప్లెరెనోన్ వంటి మందుకు మార్చవచ్చు. రోగి నోరు విప్పనిదే తాళం ఎక్కడ బిగిసిందో ఆయనకు మాత్రం ఎలా తెలుస్తుంది?