ట్రాక్ ఎవరిది?

తెలుగులో ప్రొడ్యూసర్ అంటే డబ్బు పెట్టేవాడు. డ్రమ్స్ ఎలా మోగాలి, బేస్ ఎక్కడ ఆగాలి, గొంతు వెనక ఎంత ఖాళీ వదలాలి అని తేల్చుకుని, పాటని శబ్దంగా ముక్కముక్కగా కట్టేవాడికి మన దగ్గర పేరు లేదు. హిప్ హాప్‌లో ప్రొడ్యూసర్ అంటే అతనే. పేరు లేకపోతే ఏం పోయింది అనేవాళ్ళు, అలాంటి మనిషి చనిపోయాక మనం పెట్టే నివాళి సభ ఒక్కటి చూస్తే చాలు.

రాజ్ 2023 మే 21న పోయారు. తోటకూర సోమరాజు, రాజ్-కోటిలో మొదటి సగం. నాన్న టి.వి. రాజు, ఎన్టీఆర్ సినిమాలకి పాటలు చేసినాయన, రాజమండ్రి వైపు మనిషి. జిల్లాలు ముక్కలు కాకముందు లెక్కలో మావాళ్ళే. కాబట్టి మరుసటి ఏడు అంతర్వేది తీర్థానికి కొందరు కుర్రాళ్ళు చందాలేసుకుని ఆయన పేరున విభావరి పెడుతున్నారని తెలిసి, నరసాపురంలో రైలు దిగి పంటు దాటి మరీ వెళ్ళాను. గుడి కార్యక్రమం కాదు, వీధివాళ్ళ ముచ్చట. వాళ్ళ పేర్లు రాయను. నా గొడవ వాళ్ళతో కాదు. ఇదే విభావరి అమలాపురంలోనూ విజయవాడలోనూ డల్లాస్‌లోనూ ఇలాగే జరుగుతుంది.

ఫ్లెక్సీ మీద "రాజ్-కోటి గారికి స్వర నివాళి" అని ఉంది. కోటి గారు నిక్షేపంలా ఉన్నారు. కుర్రాళ్ళని మాత్రం అని ఏం లాభం, మా తరంలో సగం మంది రాజ్‌కోటి అంటే ఒకే మనిషి అనుకునే పెరిగాం. పెద్ద బొమ్మలు చిరంజీవివి, నాగార్జునవి, బాలుగారివి. రాజ్ ఫోటో కింద ఓ మూల, చందాదారుల ఫోటోల వరసకి కాస్త పైన. యాంకరమ్మ ప్రతి పాటకీ హీరో పేరు చెప్పింది, బాలు పేరు చెప్పింది, చిత్ర పేరు చెప్పింది. రాజ్ పేరు దీపం వెలిగించినప్పుడు ఒకసారి వినపడింది, మళ్ళీ శాలువాలు కప్పేటప్పుడు.

ఇదంతా సర్దుకుపోవచ్చు. నేను సర్దుకోలేనిది ట్రాక్‌తో.

స్టేజీ మీద వాయించేవాళ్ళు లేరు. ఇద్దరు గాయకులు, ఒక లాప్‌టాప్, ఒక మిక్సర్. పాటలన్నీ యూట్యూబ్ నుంచి దింపుకున్న కరోకే. కరోకే అంటే ఏంటి? పాటలోంచి గొంతు తీసేస్తే మిగిలేది. ఆ లెక్కన ప్రొడ్యూసర్‌కి అంతకంటే గొప్ప నివాళి ఉండకూడదు, ఆయన చేసిన పనే విడిగా, నిలువెత్తు స్పీకర్లలో వినాలి. కానీ ఆ ట్రాకులు అసలు రికార్డింగ్‌లోవి కావు. ఎవరో ఎక్కడో ఒక కీబోర్డు మీద మళ్ళీ కొట్టినవి. వయొలిన్లన్నీ కలిపి ఒక్క మీట కిందకి వచ్చేశాయి. బేస్ గిటార్ నడక పోయి, దెబ్బకో నోటు మిగిలింది. రెండో చరణం ముందు మ్యూజిక్ సగానికి కోసేశారు. ఆ రాత్రి అంతర్వేదిలో హీరోలు ఉన్నారు, బాలు ఉన్నారు, మాటల్లో వేటూరి కూడా ఉన్నారు. రాజ్ ఒక్కరే లేరు.

లేనిదేమిటో కూడా చెప్పాలి. చక్రవర్తి దగ్గర పని నేర్చుకుని, 1983లో 'ప్రళయగర్జన'తో మొదలైన జంట ఇది. సింథసైజర్, డ్రమ్ మెషీన్ తెలుగు పాటలోకి వచ్చి కూర్చున్న కాలం వీళ్ళది. 'యముడికి మొగుడు' (1988) నుంచి 'హలో బ్రదర్' (1994) దాకా ఏ సినిమా అయినా హెడ్‌ఫోన్స్‌లో వినండి, గొంతు లేనిచోట ఎంత పని జరుగుతోందో తెలుస్తుంది. వాళ్ళ దగ్గర కీబోర్డుల ముందు కూర్చున్న కుర్రాళ్ళలో ఒకరు ఏ.ఆర్. రెహమాన్, ఇంకొకరు మణిశర్మ. 'హలో బ్రదర్'కి నంది వచ్చింది, ఆ రోజుల్లోనే జంట విడిపోయింది, 1995లో 'సిసింద్రీ' రాజ్ ఒక్కరే చేశారు. ఇంత మనిషి గురించి రెండు గంటల సభలో రెండు నిమిషాలు మాట్లాడలేకపోయారంటే అది ఆ కుర్రాళ్ళ అజ్ఞానం కాదు. వాళ్ళకి ఎవరూ ఎప్పుడూ చెప్పలేదు. నేను చేసే ఉద్యోగంలో ఏ ప్రోగ్రామ్‌లో ఏ లైను ఎవరు ఏ రోజు రాశారో ఒక్క కమాండ్‌తో తెలుస్తుంది. సినిమా పాట బేస్ గిటార్ ఎవరిదో కనుక్కోవాలంటే మద్రాసులో పాత మనుషుల్ని వెతుక్కోవాలి.

ఇప్పుడు డెట్రాయిట్. జె డిల్లా, అసలు పేరు జేమ్స్ యాన్సీ. 2006 ఫిబ్రవరి 7న, తన 32వ పుట్టినరోజు నాడు, 'డోనట్స్' విడుదలైంది. 31 ముక్కలు, ర్యాప్ దాదాపు లేదు. మూడు రోజులకి జబ్బుతో పోయాడు. అప్పట్నుంచీ ఫిబ్రవరి వస్తే ఎక్కడెక్కడి ఊళ్ళలోనో ఆయన పేరున రాత్రులు జరుగుతాయి. మన తీర్థం నెల కూడా దాదాపు అదే.

డిల్లా ఏం చేశాడో తెలియాలంటే ఒక్క మాట అర్థమవ్వాలి. డ్రమ్ మెషీన్‌లో క్వాంటైజ్ అని ఉంటుంది. మీ వేలు కాస్త అటూ ఇటూగా కొట్టిన దెబ్బని అది సరిగ్గా గడిలోకి లాగేస్తుంది. డిల్లా దాన్ని ఆపేసి ఇష్టమొచ్చినట్టు కొట్టాడని ఒక కథ ప్రచారంలో ఉంది. డాన్ చార్నస్ 2022లో వచ్చిన 'డిల్లా టైమ్'లో ఆ కథని సరిదిద్దాడు. ఒక వాయిద్యం తిన్నగా నడుస్తుంటే ఇంకోటి ఊగుతుంది, ఒక దెబ్బ వెంట్రుకవాసి ముందు, ఇంకోటి వెంట్రుకవాసి వెనక. కాలంతో కాలం ఒరుసుకునేలా కావాలనే కట్టాడు. తర్వాత మనుషులైన డ్రమ్మర్లు ఆ మెషీన్‌ని చూసి వాయించడం నేర్చుకున్నారు. డిల్లా పాటని ఎవరో మళ్ళీ కీబోర్డు మీద తిన్నగా గడుల్లో కొట్టిపడేస్తే అందులో డిల్లా ఉండడు. రాజ్ పాటలకి మనం చేస్తున్నది అదే.

డిల్లా రాత్రుల్లో డీజేలు ఎంచుకునే పద్ధతి ఒకటుంది. ముందు ఆయన ముక్క తీసుకున్న పాత రికార్డు వేస్తారు, వెంటనే ఆయన చేసింది వేస్తారు. 'డోనట్స్'లోని 'డోంట్ క్రై'కి మూలం ది ఎస్కార్ట్స్ అనే బృందం పాట. వాళ్ళు 1970ల్లో న్యూజెర్సీ జైల్లో ఖైదీలుగా ఉండి పాడినవాళ్ళు. డిల్లాకి దండ వేసే రాత్రి ఆ ఖైదీల పేరు కూడా పలుకుతుంది. అక్కడ అంతా పవిత్రమని కాదు. ఆయన పోయాక ఆస్తి గొడవలు, ఆయన మొహంతో టీషర్టుల వ్యాపారం, అన్నీ జరిగాయి. కానీ వాయించింది మాత్రం ఆయన పనే.

పేరు ఊరికే రాదు. 2002లో అమెరికాలో ట్రూత్ హర్ట్స్ అనే గాయని 'అడిక్టివ్' పాడింది. డీజే క్విక్ చేసిన ఆ పాటలో లతా మంగేష్కర్ గొంతు మోగింది, దేశమంతా మురిసిపోయింది. ఆ ముక్క 'జ్యోతి' సినిమాకి బప్పి లహరి చేసిన పాటలోది. ఆయన పేరు రికార్డు మీద లేదు. పేరు వెయ్యకుండా అమ్మకూడదని 2003లో లాస్ ఏంజెలిస్ కోర్టు చెప్పాల్సొచ్చింది. ఆ బప్పి లహరే మన 'గ్యాంగ్ లీడర్' సంగీత దర్శకుడు, అది కూడా ఎంతమందికి గుర్తుందో.

"జనం పాటకి వస్తారు బాబూ, డ్రమ్ మెషీన్‌కి కాదు" అంటారని తెలుసు. డెట్రాయిట్ కొలబద్ద తెచ్చి అంతర్వేది మీద పెడతావా అని కూడా అంటారు. పెట్టను. తిరువయ్యూరు కొలబద్ద పెడతాను. ప్రతి పుష్య బహుళ పంచమికీ వందలమంది విద్వాంసులు ఒకే చోట కూర్చుని త్యాగరాజు పంచరత్నాలు ఒక్క గొంతుగా పాడతారు. అక్కడ ఎవరి గొంతు గొప్పదన్న ప్రశ్న ఆ గంటసేపు రాదు. పాట కట్టినవాడి రోజు అంటే ఏంటో మనకి డిల్లా కంటే ముందే తెలుసు. సినిమా దగ్గరకొచ్చేసరికి మర్చిపోయాం.

ఆ రాత్రి లాప్‌టాప్ దగ్గర కూర్చున్నాయనతో టీ తాగుతూ మాట్లాడాను. ఒకప్పుడు అదే ఆర్కెస్ట్రాలో రిథమ్ ప్యాడ్స్ వాయించేవాడట. వ్యాన్‌లో 12 మంది వెళ్ళేవాళ్ళు. ఇప్పుడు ఇద్దరు గాయకులు, తను, ఒక పెన్‌డ్రైవ్. 'హలో బ్రదర్' పాట నడుస్తుంటే చరణం అంచున ఒకచోట మొహం చిట్లించాడు. ఏమైందన్నాను. "ఇక్కడ రెండు దెబ్బలు ఎగ్గొట్టేశాడండి" అన్నాడు. టేబుల్ మీద వేళ్ళతో ఆ రెండూ కొట్టి చూపించాడు. ఆ సభలో రాజ్ గురించి నేను విన్న ఒకే ఒక్క విమర్శ అది, అదీ మైకు లేకుండా. ప్రొడ్యూసర్‌కి నివాళి అని పెట్టి, ఆ పని చెవుల్లో మోసుకు తిరుగుతున్నవాణ్ణి ప్లే బటన్ దగ్గర కూర్చోబెట్టాం.

డబ్బు లేదంటారు, నిజమే. పది పాటలకి వాద్యబృందం తేలేరు. రెండు పాటలకి తేవచ్చు, మిగిలిన ఎనిమిదీ పాడకండి. స్టేజీ ఖాళీ చేసి అసలు రికార్డు ఒక్కటి మొదటినుంచి చివరిదాకా వెయ్యండి, అయిదు నిమిషాలు జనం కూర్చోలేకపోతే అప్పుడు నన్నడగండి. ప్యాడ్స్ ఆయనకి ఓ పది నిమిషాలు మైకివ్వండి, ఆ రెండు దెబ్బలూ అందరికీ కొట్టి చూపిస్తాడు. ఇక ఫ్లెక్సీ మీద నివాళిలోంచి కోటి గారి పేరు తీసేయండి. దానికి బదులు ఆయన్ని పిలవండి. ఏ పాటలో ఏది రాజ్ చేశారో వేలుపెట్టి చెప్పగలిగిన మనిషి ఆయనే.