విహారదినమున విందుచీర



అమ్రాబాదునుండి యొక సోదరి వ్రాసిన జాబు ఈ నెల నాకు చేరినది. ఆమె కుమార్తె హైదరాబాదునందు ఉద్యోగము చేయుచున్నది. జీతములో కొంత కొంత కూడబెట్టి, తల్లిని, నాయనమ్మను, చిన్న తమ్ముని రామోజీ ఫిల్మ్ సిటీకి తీసికొనిపోయి, పగలంతయు వింతలు చూపించి, రాత్రి అచ్చటి భోజనశాలలోనే విందు చేయవలెనని ఆ బిడ్డ కోరిక. ఇంతవరకు అంతయు సంతోషమే. చిక్కంతయు చీరకడ వచ్చినది.

“నలుగురిలోనికి పోవుచున్నాము, పెండ్లినాటి పట్టుచీర కట్టుకొనుము” అని అత్తగారు. “అమ్మా, అచ్చట అందరును కొత్తరీతిగా నుందురు, నీకొక పొడవాటి గౌను కొని యుంచితిని” అని కుమార్తె. “రెండును నా ఒంటికి ఇమడవు. నావలన నా బిడ్డ నలుగురిలో తలవంచుకొనుటకంటె నేను ఇంటికడ నుండుటయే మేలేమో” అని ఆ తల్లి.

సోదరీ, మీరు పోవలెను. ఇది నా మొదటి మాట. చీరమాట పిదప చెప్పెదను.

మీరు పుట్టి పెరిగిన నల్లమలలో చైత్రపౌర్ణమికి సలేశ్వరము జాతర జరుగును. అడవిలో రాళ్లదారిని నడచి, లోయలోనికి దిగి, జలపాతముక్రింద స్నానమాడి, స్వామిని చూచి మరల ఎక్కి రావలెను. ఆ జాతరకు పట్టుచీర కట్టుకొని పోయిన ఇల్లాలిని మీరు చూచితిరా? నూలుచీర కట్టి, కొంగు నడుమున దోపి, పొడిబట్ట యొకటి మూటలో పెట్టుకొని పోదురు. తడిసిన పిల్లలకు పొడిబట్ట తొడిగిన పిదపనే అన్నము పెట్టుదురు. ఏ పుస్తకమును చదువకయే మీ తల్లులు మీకు నేర్పిన విద్య యిది. ఫిల్మ్ సిటీయు ఒక జాతరయే. తుదిని విందు కలదు, అంతియే భేదము.

ఆ స్థలము ఎట్టిదో కొంచెము చెప్పుట మంచిది. హైదరాబాదునుండి విజయవాడకు పోవు రహదారిపై, అబ్దుల్లాపూర్‌మెట్ మండలమున నున్న ఈ చిత్రనగరము 1996లో నెలకొల్పబడినది. 1,666 ఎకరముల విస్తీర్ణముతో ప్రపంచమున మిక్కిలి పెద్ద చలనచిత్ర నిర్మాణస్థలముగా గిన్నిస్ గ్రంథమున కెక్కినది. బస్సులలో త్రిప్పి చూపుదురు గాని, ఎక్కుట, దిగుట, తోటలలో నడచుట, మెట్లెక్కుట, ఎండలో వరుసను నిలుచుట తప్పదు. మన్ననూరునుండి హైదరాబాదు సుమారు 140 కిలోమీటర్లు. తెల్లవారుజామున బయలుదేరినవారు రాత్రి విందునకు కూర్చుండునప్పటికి, వారి ఒంటిమీది బట్ట పదునైదు గంటల కాలమైనను నలిగియుండును. విందునాటి చీరను విందును తలచికొని మాత్రమే ఎంచుకొనుట పొరపాటు. ఆ దినమంతటిని తలచికొని ఎంచుకొనవలెను.

ఇక పట్టుచీర సంగతి. పట్టునకు చెమట శత్రువు. చెమటలోని ఉప్పు పట్టుపోగును బలహీనపరచి, రంగును వెలవెలబోవజేయును. జరీలోని వెండి నల్లబడును. పులుసు చుక్క పడినచో నూలుచీరనువలె అప్పటికప్పుడు ఉతుకుటకు వీలులేదు. నేనును ఒకప్పుడు ఇట్టి వినోదవనమునకే పట్టుచీర కట్టుకొని పోయితిని. పిల్లలు ఆడుచుండగా నేను సంచులకు కావలి కూర్చుంటిని. నీటికడకు పోయిన తడియునని భయము. గడ్డిమీద కూర్చున్న మరక యగునని భయము. రాత్రి విందులో కూరగిన్నె నాకడకు వచ్చినపుడెల్ల కొంగును చూచుకొంటినే గాని కూర రుచి యెరుగను. ఇంటికి వచ్చిన పిదప చీర చక్కగా నుండెను. ఆ దినము మాత్రము నాకు దక్కలేదు. కావున మీ అత్తగారితో మర్యాదగా ఇట్లు చెప్పుడు: “అత్తమ్మా, పెండ్లిచీర పెండ్లికే అందము. దానిని కాపాడుకొనుచు కూర్చుండిన, మీ మనుమరాలు పెట్టిన ఖర్చు వృథా యగును.”

గౌనునందు దోషమేమియు లేదు. అలవాటున్నవారికి అది సుఖమైన దుస్తే. కాని జన్మలో తొడుగనిదానిని మొదటిసారి నలుగురి నడుమ తొడిగినచో, దానిని సవరించుకొనుటతోనే ప్రొద్దుపోవును. ఏ క్రొత్త దుస్తులనైనను ముందుగా ఇంటికడ రెండుమూడు దినములు తొడిగి, కూర్చుండి, వంగి, వడ్డించి చూడవలెను. అపుడు నచ్చినచో కట్టుకొనుడు. నచ్చనియెడల కుమార్తెకు నొప్పి కలుగకుండ చెప్పుడు.

మరి యేమి కట్టుకొనవలెను? మీ పాత పాలమూరు జిల్లాయే దీనికి బదులు చెప్పుచున్నది. 2016లో జిల్లాలు విడిపోయినపుడు మీ అమ్రాబాదు నాగర్‌కర్నూలు జిల్లాలో చేరినది. గద్వాల వేరు జిల్లా యైనది. 2019లో నారాయణపేటయు వేరైనది. జిల్లాలు వేరైనను నేతలు మీవే. పగటికి నారాయణపేట నూలుచీర కట్టుకొనుడు. అది చెమటను పీల్చుకొనును, నడకకు అడ్డురాదు, ఇంటికి వచ్చి ఉతికి ఆరవేయవచ్చును. రాత్రికి గద్వాలచీర. దాని ఒడలు నూలు. అంచును, కొంగును పట్టు. ఒంటికి తేలిక, కంటికి నిండు. 2010లో దానికి భౌగోళిక గుర్తింపు లభించినది. పట్టు కావలెనన్న అత్తగారికి అంచు కనబడును. తేలికగా నుండవలెనన్న కుమార్తెకు ఒడలు నచ్చును. ఒకే చీరతో ఇరువురి మాటయు నిలిచినట్లగును.

అయితే ఇరుకైన స్నానపుగదిలో చీర మార్చుకొనుట సులభము కాదు. ఆ రాత్రి అచ్చటి సితార, తార అను వసతిగృహములలో బస చేయువారు గదికి పోయి స్నానము చేసి మార్చుకొనవచ్చును. తిరిగి ఇంటికి రావలసినవారు పగటిచీరతోనే యుండి, ముఖము, కాళ్లుచేతులు కడుగుకొని, ఉతికిన రవిక యొకటి మార్చి, కుచ్చెళ్లు సవరించి, తల దువ్వుకొని విందునకు కూర్చుండవచ్చును. శుభ్రతయే మర్యాద; మిగిలినదంతయు అలంకారము.

భోజనశాలను గూర్చి మీకు జంకు వలదు. అచ్చటి శాలలు వేరువేరు కాలములను, దేశములను తలపించునట్లు కట్టబడినవి. మొగలాయీల దర్బారును గుర్తుచేయునదొకటి, అమెరికా పశ్చిమసీమలోని గుర్రపురౌతుల ఊళ్లను గుర్తుచేయునది మరియొకటి. ఆ అలంకారము గోడలది, వడ్డించువారిది. అతిథి వేషము కట్టనక్కరలేదు. శుభ్రముగా, నిండుగా నున్న బట్ట చాలును.

కొన్ని జాగ్రత్తలు మాత్రము మరువకుడు. ఎవరికి వారు వడ్డించుకొను బల్లలకడ వంగునపుడు కొంగు గిన్నెలలో పడును. దానిని మడచి భుజమున పిన్నీసు పెట్టుకొనుడు. నిప్పులమీద అప్పటికప్పుడు కాల్చి యిచ్చు చోట నైలాను, పాలిస్టరు వంటి బట్టలతో దగ్గరగా నిలువరాదు. అవి కరగి చర్మమునకు అంటుకొనును. చల్లని గదులలో పెద్దలకు వణకు పుట్టును. అత్తగారికొక శాలువ ఉంచుడు. చెప్పులు మడమ యెత్తులేనివై, వెనుక పట్టీ కలవై యుండవలెను.

ఇక రంగులరాట్నములు, తిరుగుడుబండ్లు ఎక్కునపుడు కొంగుగాని, ఓణీగాని, జడగాని వ్రేలాడరాదు. ఇది అందమునకై చెప్పు మాట కాదు. 1927 సెప్టెంబరు 14న ఫ్రాన్సులోని నీస్ నగరమున ఇసడోరా డంకన్ అను లోకప్రసిద్ధ నర్తకి మోటారుబండిలో పోవుచుండగా, ఆమె మెడకు చుట్టుకొన్న పొడవాటి పట్టువస్త్రపు కొస చక్రమున చిక్కుకొని, ఆమె ప్రాణమే పోయినది. కొంగు నడుమున బిగించి దోపి, జడను ముడిచి, పిదప ఎక్కుడు.

మీ చిన్నవాడు నీటి ఆటలు కావలెనని మారాము చేయునని కూడ వ్రాసితిరి. దానికి మీ శ్రీశైలము రహదారి చెంతనే, తుక్కుగూడకు దాపున రావిర్యాలకడ, 2016లో తెరచిన వండర్లా కలదు. అచ్చటి కొలనులలోనికి చీరతోగాని, నూలుబట్టలతోగాని దిగనీయరు. నైలాను ఈతదుస్తులే కావలెను. నూలు నీటిని పీల్చి బరువెక్కును. వదులుబట్ట జారుడుదారులలో చిక్కుకొనును. ఇది అవమానము కాదు, ప్రాణరక్షణ. కాని రెండు స్థలములను ఒకే దినమున పెట్టుకొనకుడు. నీటి ఆట ఆడిన పిల్లలకు పొడి నూలుబట్ట తొడిగి, తల తుడిచి, ఆపైననే అన్నమునకు కూర్చుండబెట్టుడు.

అమెరికాలో కాపురమున్న మన ఆడబిడ్డలును ఇట్టి ప్రశ్నలే అడుగుచుందురు. ఫ్లారిడాలో 1971లో తెరచిన వాల్ట్ డిస్నీ వరల్డునందు సిండరెల్లా కోటలోనే భోజనశాల కలదు. చిన్నపిల్లలు రాకుమార్తెల వేషముతో వత్తురు. కాని పదునాలుగేండ్లును, ఆపైనను ఉన్నవారు, ప్రత్యేకోత్సవములందు తప్ప, వేషములు ధరించి ఆ వనములలోనికి రారాదు. ఖరీదైన కొన్ని శాలలలో ఈతదుస్తులకును, చినిగిన బట్టలకును తావులేదు. అట్టి శాలలలోనైనను చక్కగా కట్టిన చీరకు అడ్డులేదు. సముద్రములకు ఆవలనే చీరకు లోపము లేనపుడు, అబ్దుల్లాపూర్‌మెట్‌లో దానివలన మీ బిడ్డకు తలవంపు లెట్లు కలుగును?

సోదరీ, తుదకొక్క మాట. మీ కుమార్తె గౌను కొన్నది మీ చీరను చూచి సిగ్గుపడి కాకపోవచ్చును. తాను పట్నమున చూచిన సుఖము తల్లికిని కలుగవలెనని కొన్నదేమో! ఆ మాట మీరు ఆమెను అడిగినట్లు జాబులో లేదు. నేడే అడుగుడు. గద్వాలచీర తీసి ఎండలో కాక నీడను గాలికి ఆరవేయుడు. సంచిలో ఒక రవిక, నాలుగు పిన్నీసులు, చిన్న తువాలు, అత్తగారి శాలువ పెట్టుకొనుడు. బిడ్డ ప్రక్కన కూర్చుండి, ఆమె తన సంపాదనతో పెట్టించిన అన్నమును కడుపునిండ తినుడు. తిరిగి వచ్చిన పిదప ఏమి తింటిరో, ఏమి చూచితిరో వ్రాయుడు. చీరను గూర్చి వ్రాయుట మరచిపోయినయెడల మిక్కిలి సంతోషింతును.