కథ చెప్పేవాళ్లకు కూలి లేదు

మా మిర్యాలగూడ వైపు ఓ ఊళ్లో బీరప్ప పండుగ. ఒగ్గు కథలో బీరప్ప కామరాతిని పెళ్లాడేందుకు బయల్దేరే ఘట్టం. ముసలి ఒగ్గు కథకుడు గజ్జెల కాలు నేలకేసి కొట్టి రాగం ఎత్తుకున్నాడు. డోలు అందుకుంది. అంతలో డీజే బండి వచ్చింది. కమిటీ కుర్రాడొకడు వచ్చి "తాతా, ఇగ చాలు, జల్ది ఖతం చెయ్యి" అన్నాడు. తెల్లారేదాకా చెప్పాల్సిన కథ గంటలో ఆగిపోయింది. పైగా ఒప్పుకున్న పైసల్లో కోత. సగమే చెప్పావు కదా అని!

కడుపు రగిలిపోతోంది. ఒక్క ఊరి సంగతైతే ఇంత బాధ లేదు. దురాజ్‌పల్లి పెద్దగట్టుకు రెండేళ్లకోసారి గొల్లల లింగమంతుల జాతరకు లక్షల మందిమి పోతాం. కేసారం నుంచి దేవరపెట్టె రావాలి, భేరీలు మోగాలి, ఓ లింగా అంటూ గట్టు దద్దరిల్లాలి. కానీ పుల్లరి (పశువుల మేత పన్ను) కోసం నెల్లూరు నల్లసిద్ధితో గొల్లల వీరుడు కాటమరాజు చేసిన పోరును తరతరాలుగా నోటితో మోసుకొచ్చిన మందహెచ్చు కథకుల ఇల్లు ఎక్కడుందో మనలో ఎందరికి తెలుసు? కథలోని వీరులంతా రంగుల కొయ్యబొమ్మలై వాళ్ల పెట్టెలో ఉంటారు. తండ్రి పోతే ఆ పెట్టె విప్పాల్సిన కొడుకు హైదరాబాద్‌లో ఏ అపార్ట్‌మెంటుకో వాచ్‌మన్. అతణ్ని తప్పు పట్టలేను. కథ కూడు పెట్టదని అతనికి నేర్పింది మనమే.

పన్నెండు మెట్ల కిన్నెర మొగులయ్యకు 2022లో పద్మశ్రీ ఇచ్చారు. 2024లో ఆయన కూలిపని చేస్తున్న వీడియో దేశమంతా చూసింది. పక్కన నిలబడి ఫొటోలు దిగినవాళ్లలో ఒక్కరికైనా పూట గడుస్తోందా అని అడగబుద్ధి కాలేదా?

ఎన్నికలొస్తే మాత్రం ఇదే డోలు, ఇవే గజ్జెలు కావాలి. సుద్దాల హనుమంతు గొల్ల సుద్దులతో తెలంగాణ సాయుధ పోరాటానికి జనాన్ని కదిలించిన నల్లగొండ గడ్డ ఇది. ఇక్కడ కళాకారుడు పార్టీ జీపెక్కితేనే కూలి గిట్టుతుందంటే సిగ్గుతో చావాలి.

పోయినదాన్ని తిరిగి తెచ్చుకున్నవాళ్లూ ఉన్నారు. అమెరికాలో మాసచూసెట్స్ తీరాన వాంపనోగ్ అనే ఆదివాసులున్నారు. వందేళ్లకు పైగా వాళ్ల భాష మాట్లాడే మనిషే లేకుండా పోయాడు. 1990ల్లో జెస్సీ లిటిల్ డో బెయిర్డ్ అనే ఆమె పూనుకుని, 17వ శతాబ్దపు బైబిలు, పాత దస్తావేజులు తవ్వి, దాన్ని మళ్లీ పిల్లల నోట పలికించింది. మనకా కష్టం లేదు. చెప్పేవాళ్లు ఇంకా కళ్లెదుటే ఉన్నారు. వాళ్లనే లేవగొడుతున్నాం.

2027లో పెద్దగట్టు జాతర మళ్లీ వస్తుంది. ఐదు రోజుల్లో ఒక్క రాత్రి ఈ కథలకు వదలండి. మందహెచ్చులను, ఒగ్గువాళ్లను పిలిచి మైకు ఇవ్వండి, కథ మొత్తం రికార్డు చేయండి, కూలి ముందే చేతిలో పెట్టండి. ధాన్యం సీజన్‌లో కోట్లు తిప్పే మా మిర్యాలగూడ మిల్లర్లారా, ఆ ఒక్క రాత్రి ఖర్చు మీరు పెట్టుకుంటారా, లేదా? జవాబు చెప్పండి.