గాలి, నీళ్లు, కరెంటుతో అమ్మోనియా.. చిక్కంతా ఎక్కడ?

యూరియాకు మూలం అమ్మోనియా. మన ఫ్యాక్టరీలు దాన్ని సహజ వాయువుతో, 400 డిగ్రీలకు పైగా వేడిలో తయారు చేస్తున్నాయి. ఆ గ్యాస్‌లో చాలావరకు దిగుమతే. రేటు పెరిగితే సబ్సిడీ భారమూ పెరుగుతుంది.

మరి గాలిలోని నైట్రోజన్, నీళ్లు, కరెంటుతో చేయలేమా? చిక్కంతా ఉత్ప్రేరకం, అంటే క్యాటలిస్ట్ దగ్గరే. నైట్రోజన్‌లోని మూడు బంధాలు తెంచడం కష్టం. నీటి నుంచి హైడ్రోజన్ రావడం తేలిక. దాంతో కరెంటు ఎక్కువగా హైడ్రోజన్‌కే పోతోంది.

పైగా గాలిలో, పరికరాల్లో ముందే ఉన్న అమ్మోనియా కూడా లెక్కలోకి వచ్చేస్తోంది. అందుకే నైట్రోజన్-15తో పరీక్ష తప్పనిసరని 2019లో నేచర్ జర్నల్‌లో శాస్త్రవేత్తలు తేల్చి చెప్పారు. లిథియం పద్ధతి ఆ పరీక్షలో నిలబడింది. కానీ దానికి కరెంటు చాలా ఎక్కువ కావాలి.

ఇకపై 'కొత్త ఉత్ప్రేరకం వచ్చేసింది' అంటే రెండు ప్రశ్నలు అడగండి. ఆ పరీక్ష చేశారా? ఎన్ని గంటలు పనిచేసింది?